విజిల్ వెనక్కి తీసుకుంటే బంతి ఎవరిది?

అబ్బాయ్, తెల్లవారుజామున అలారం పెట్టుకుని మరీ లేచి ఎన్‌బీఏ మ్యాచ్‌లు చూస్తావు కదా, ఒక్క మాట అడుగుతాను చెప్పు. రిఫరీ ఫౌల్ అని విజిల్ ఊదాడు. అవతలి కోచ్ టైమ్ అవుట్ తీసుకుని, చూపుడువేలు గాల్లో గిరగిరా తిప్పాడు. రిఫరీలు వెళ్ళి టీవీ ముందు నిలబడ్డారు. ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి చూసి, ఫౌల్ కాదని తేల్చారు. సరే, బాగానే ఉంది. ఇప్పుడు బంతి ఎవరికివ్వాలి?

తడుముకుంటున్నావు కదూ! ఆటగాళ్ళ జీతాలు చెప్పమంటే చెబుతావు, ఎవడు ఏ ఊరి టీముకి మారాడో చెబుతావు, వాళ్ళ బూట్ల ధర కూడా చెబుతావు. ఆట మళ్ళీ ఎక్కడ మొదలవ్వాలో మాత్రం చెప్పలేవు. నీ తప్పు లేదులే. ఆ రూలు రాసినవాళ్ళకే అది గుండె నిబ్బరంగా చెప్పగలిగే సంగతి కాదు.

వాళ్ళ పద్ధతి ఇదీ. విజిల్ మోగిన క్షణానికి బంతి ఏ జట్టు చేతిలో ఉంటే ఆ జట్టుకే ఇస్తారు. ఎవరి చేతిలోనూ లేకపోతే, ఎవరి చేతికి చేరబోతోందో చూసి వాళ్ళకిస్తారు. అదీ తేలకపోతే సెంటర్ సర్కిల్‌లో జంప్ బాల్. మొదటిది నాకు సమ్మతమే. మూడోదాని సంగతి తర్వాత చెబుతాను. ఆ మధ్యలోది ఉంది చూశావూ, అక్కడే నాకు ఒళ్ళు మండిపోతుంది. చేరబోతోందట! బంతి రింగు మీద ఎగిరిపడుతోంది, విజిల్ మోగింది, పదిమందిలో ఆరుగురు చేతులు దించేశారు, ఒకడు రిఫరీ వంక తిరిగి నేనేం చేశానని రెండు చేతులూ చాచాడు. విజిల్ వినపడనివాడో, వినపడినా ఆగనివాడో ఒక్కడు ఎగిరి పట్టుకున్నాడు. అయిదు నిమిషాలు పోయాక టీవీ చూసి, అదిగో బంతి వాడిదే అంటే, చెప్పిన మాట విని ఆగిపోయిన ఆ ఆరుగురూ ఏమైపోవాలి?

మా రోజుల్లో డ్రిల్లు మాస్టారు మొట్టమొదట నేర్పేదే ఇది. బంతి పట్టుకోవడం కాదు, పాసివ్వడం కాదు, విజిల్ వినపడగానే ఆగడం. మా కోర్టు మట్టి కోర్టు. పొద్దున్నే నీళ్ళు చల్లి, రోలరు లాగి, డబ్బాకి అడుగున చిల్లి పెట్టి సున్నంతో గీతలు పోసేవాళ్ళం. పది గంటలకల్లా ఆ గీతలు సగం చెరిగిపోయి, బంతి ఔటో కాదో దేవుడికీ రిఫరీకీ మాత్రమే తెలిసేది. మాస్టారు విజిల్ ఊదితే, గాల్లో ఉన్నవాడు తప్ప మిగతా అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడాలి. ఒక్క అడుగు అదనంగా వేశావా, కోర్టు చుట్టూ పరుగెత్తాల్సిందే. అలా నేర్చుకుని, ఆ తర్వాత నేనూ మెళ్ళో విజిల్ వేసుకుని, ఊళ్ళూళ్ళూ తిరిగి టోర్నమెంట్లు ఆడించి, వేలమంది పిల్లలకి అదే నేర్పినవాణ్ణి. ఆ క్రమశిక్షణకి ఇవాళ విలువ తగ్గి, ఆగనివాడికి బంతి బహుమానంగా దక్కుతుంటే నాకు కడుపు రగలదా మరి?

ఊదింది మార్చుకోవడం మా రోజుల్లో అసలే లేదని అనను. ఉండేది. రిఫరీలం ఇద్దరమే. ఇప్పటిలా ముగ్గురూ కాదు, పక్కన టీవీ పెట్టుకుని నాలుగోవాడూ కాదు. ఎండ్ లైన్ దగ్గర ఒకరు ఎర్ర చొక్కాలకి బంతి అన్నాడనుకో, రెండోవాడి కంటికి అది ఎర్రవాడి చిటికినవేలికి తగిలి బయటికి పోయినట్టు కనపడిందనుకో, దగ్గరికొచ్చి చెవిలో ఒక్క ముక్క చెప్పేవాడు. మొదటివాడు చెయ్యి రెండోవైపు తిప్పేవాడు. బంతి లోపలికి వెయ్యకముందే అంతా అయిపోయేది. ఇంకా గట్టిగా చెప్పాలంటే, చూసేవాళ్ళలో సగంమందికి మార్చినట్టే తెలిసేది కాదు. గీత అవతలికి పోయిన బంతితో వచ్చిన సుఖం అది. ఆట ఎలాగూ ఆగిపోయింది, ఇవతలివాడికా అవతలివాడికా అన్నదొక్కటే మిగిలింది. టీవీ చూసి దాన్ని మార్చినా నేనేమీ అనను. నా గోలంతా ఆట నడుస్తుండగా ఊది, ఆ ఊదింది తప్పని తేల్చిన చోటే.

మొదట్లో అంతా స్వర్గంగా ఉండేదనీ అనను. జేమ్స్ నైస్మిత్ అని, మా డ్రిల్లు మాస్టార్ల జాతివాడే, అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ స్కూల్లో వ్యాయామం నేర్పే ఆయన, 1891 డిసెంబరులో పీచుపళ్ళ బుట్టలు రెండు తగిలించి ఈ ఆట మొదలెట్టాడు. మొత్తం 13 రూల్సు. అందులో బంతి బయటికి పోతే, ముందు ఎవరు తాకితే వాళ్ళదేనని ఒక రూలు. దాంతో కుర్రాళ్ళు బంతి కోసం జనం మీద పడి కొట్టుకునేవాళ్ళు, మెట్ల మీదికి కూడా ఎగబాకేవాళ్ళు. చివరికి కోర్టు చుట్టూ పంజరంలా వల కట్టాల్సి వచ్చింది. అది మార్చారు, మంచిపని చేశారు. కానీ అదే రూల్లో ఆయన ఇంకో మాట రాశాడు. బంతి ఎవరిదో తగువొస్తే, అంపైర్ దాన్ని నేరుగా కోర్టులోకి విసిరేయాలని. చూశావా ఎంత నిజాయతీయో! నాకు తెలియలేదు, మీరే తేల్చుకోండి అని. ఆట పుట్టిన ఏడాదే ఉన్న ఆ వినయం, ఇన్ని కెమెరాలు వచ్చాక ఎక్కడికి పోయింది?

ఆ వినయానికే మా కాలంలో జంప్ బాల్ అని పేరు. ఇద్దరు ఒకేసారి బంతి పట్టుకుని గుంజుకుంటుంటే జంప్ బాల్. ఇద్దరి చేతులూ తగిలి బయటికి పోతే జంప్ బాల్. బంతి ఎవరి అదుపులోనూ లేనప్పుడు ఆట ఆగితే జంప్ బాల్. ఎవరి మధ్య? తగువుపడ్డ ఆ ఇద్దరి మధ్యే. దగ్గర్లో ఉన్న సర్కిల్‌లోకి తీసుకుపోయి నిలబెట్టేవాళ్ళం.

బంతి ఎగరెయ్యడం చిన్న పనేమీ కాదు, చెబుతాను విను. ఇద్దరూ ఎవరి సగంలో వాళ్ళు, ఒక పాదం మధ్య గీతకి దగ్గరగా పెట్టి నిలబడాలి. మిగిలిన ఎనిమిదిమందీ సర్కిల్ బయట. భుజాలు తోసుకుంటుంటే ముందు వాళ్ళని సర్దాలి. విజిల్ నోట్లోంచి తీసెయ్యాలి. లేకపోతే ఎగిరినవాడి మోచెయ్యి తగిలి పళ్ళు రాలతాయి. బంతిని అరచేతి మీద కాకుండా వేళ్ళ మీద నిలుపుకోవాలి. మోకాళ్ళు కాస్త వంచి, రెండు మొహాల మధ్యనుంచి, అటు గోరంతా ఇటు గోరంతా వాలకుండా నిటారుగా, ఆ ఇద్దరిలో పొడుగువాడు ఎగిరినా అందనంత ఎత్తుకి వెయ్యాలి. బంతి పైకి పోతున్నప్పుడు ఎవడూ ముట్టకూడదు. పైదాకా పోయి ఆగిన తర్వాతే కొట్టాలి. పట్టుకోకూడదు, వేళ్ళతో తట్టాలంతే. అదీ రెండుసార్లకి మించి కూడదు. బంతి వేసిన రిఫరీ ఆ తొక్కిడిలోంచి వెనక్కి రావాలి. ఇది చేతికి రావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. సాయంత్రాలు పిల్లలంతా వెళ్ళిపోయాక ఒక్కణ్ణీ సర్కిల్‌లో నిలబడి, బంతి ఎగరేసి, అది నా ముక్కు ముందు అదే చోట పడేదాకా సాధన చేసేవాణ్ణి. పొట్టివాడికి అన్యాయం కదా అంటావు. పొట్టివాడు పొడుగువాడి చేతిలోంచి బంతి లాక్కోగలిగినవాడే కదా నాయనా, అందుకేగా అక్కడ నిలబడ్డాడు! వాడు సరిగ్గా అదను చూసి ఎగిరి, తనకంటే జానెడు పొడుగున్నవాణ్ణి ఓడిస్తే గ్రౌండంతా ఈలలతో ఎగిరిపోయేది.

మరి ఇప్పుడు? అమెరికా కాలేజీలవాళ్ళు 1981లోనే బాణం గుర్తు పెట్టుకున్నారు. అంతర్జాతీయ రూల్సులోకి 2003లో వచ్చింది. స్కోరరు టేబుల్ మీద ఒక బాణం. ఆట మొదట్లో ఒక్కసారి జంప్ బాల్ వేస్తారు. అందులో బంతి దక్కనివాళ్ళ వైపు బాణం. ఆ తర్వాత గుంజులాట జరిగినప్పుడల్లా బాణం చూపించినవాళ్ళకి బంతి, వాళ్ళు లోపలికి వెయ్యగానే బాణం రెండో జట్టు వైపు తిరుగుతుంది. నేలమీద పడి, మోకాళ్ళు దోక్కుపోయి, కండలన్నీ బిగించి బంతి సంపాదించుకున్నవాడు తలెత్తి చూస్తే బాణం అవతలికి ఉంటుంది. చౌకబియ్యం క్యూలో వంతు వచ్చినట్టు బంతి వంతులవారీగా పంచుతారన్నమాట. రిఫరీకి శ్రమ లేదు, ఎగరెయ్యడం రాకపోయినా ఫరవాలేదు. ఈ మధ్య మన దగ్గర ఆడించే కుర్ర రిఫరీలు మొదటి జంప్ బాల్ వేస్తుంటే చూశాను. ఒకవైపుకి వాలిపోతుంది, ఎత్తు చాలదు. మ్యాచికి ఒక్కసారి వేస్తే చెయ్యెలా తిరుగుతుంది?

ఎన్‌బీఏ వాళ్ళు నయం, గుంజులాటకి ఇంకా జంప్ బాల్ ఉంచుకున్నారు. ఇందాక తర్వాత చెబుతానన్న మూడో సంగతి ఇదే. ఫౌల్ కొట్టేశారు, బంతి ఎవరిదో తేలలేదు, సెంటర్ సర్కిల్‌కి వచ్చారు. ఎవరి మధ్య వేస్తారో తెలుసా? కోర్టులో ఉన్న ఏ ఇద్దరి మధ్యనైనా సరేనట! ఫౌల్ జరిగిందన్న ఆ ఇద్దరూ పక్కన నిలబడి చూస్తుంటే, శాన్ ఆంటోనియో జట్టయితే వెంబన్యామాని పంపుతుంది. ఏడడుగుల పైన మనిషి, చెయ్యెత్తితే దాదాపు రింగు దాకా పోతుంది. అవతలివాడు ఎగరడం ఎందుకు? నా మాట వింటే, ఎవరి మీద ఊది వెనక్కి తీసుకున్నారో ఆ ఇద్దరి మధ్యే బంతి ఎగరెయ్యాలి. అదీ సెంటర్‌లో కాదు, జరిగిన చోటికి దగ్గర సర్కిల్‌లో. దానికి టీవీ అక్కర్లేదు, ఎవరి చేతికి చేరబోతోందో జోస్యం చెప్పడమూ అక్కర్లేదు.

కెమెరాలే వద్దంటావా తాతా అని నువ్వడుగుతావు, నాకు తెలుసు. ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. 2002లో లేకర్స్, శాక్రమెంటో కింగ్స్ ఆడిన సెమీఫైనల్ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో, ఫస్టాఫ్ ఆఖర్న సమాకి వాకర్ చాలా దూరం నుంచి వేసిన బంతి పడింది. గంట మోగేటప్పటికి బంతి ఇంకా వాడి చేతిలోనే ఉంది. అయినా మూడు పాయింట్లిచ్చారు. మ్యాచ్ లేకర్స్ 100, కింగ్స్ 99. ఒక్క పాయింటు! కింగ్స్‌కి జరిగింది ఘోరమే. ఆ మరుసటి సీజన్‌లోనే రీప్లే పెట్టారు. పెట్టాల్సిందే, కాదనను. గంట మోగింది, ఎర్ర లైటు వెలిగింది, బంతి చేతిలో ఉందా వదిలేశాడా అన్నది ఒక్క బొమ్మలో తేలిపోయే సంగతి. జరిగిపోయినదాన్ని కెమెరా చూపిస్తుంది. విజిల్ మోగకపోతే ఏం జరిగి ఉండేదో ఏ కెమెరా చూపిస్తుంది? వాళ్ళు 2014లో న్యూజెర్సీలో సెకాకస్ అనే ఊళ్ళో గదంతా టీవీలు పెట్టి ఒక కేంద్రం కట్టారు. 2019లో కోచ్‌లకి ఛాలెంజ్ ఇచ్చారు. 2023 నుంచి మొదటిది నెగ్గితే రెండోది కూడా ఇస్తున్నారు. ఎన్నిస్తే ఏం లాభం, జరగనిదాన్ని బొమ్మ తియ్యగలవా?

జరిగినదాన్ని వెనక్కి తిప్పాలని చూస్తే ఏమవుతుందో మా కాలంలోనే చూశాం. అప్పుడు కెమెరా లేదు, పెద్దమనుషులుండేవాళ్ళు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్. అమెరికా, సోవియట్ యూనియన్. అమెరికా టీవీల కోసమని రాత్రి 11:45కి మొదలుపెట్టారు మహానుభావులు. ఆఖరి మూడు సెకన్లలో డగ్ కాలిన్స్ రెండు ఫ్రీత్రోలూ వేస్తే అమెరికా 50, రష్యావాళ్ళు 49. వీళ్ళు బంతి లోపలికి వేశారు, టేబుల్ దగ్గర గొడవైంది, ఒక సెకను మిగిలి ఉండగా ఆట ఆపారు. అంతర్జాతీయ సంఘం కార్యదర్శి విలియం జోన్స్ గ్యాలరీలోంచి దిగొచ్చి, గడియారం మళ్ళీ మూడు సెకన్లకి పెట్టండన్నాడు. బంతి మళ్ళీ రష్యావాళ్ళకే. మళ్ళీ వేశారు, గంట మోగింది, అమెరికా కుర్రాళ్ళు గెంతులేశారు. కాదు, గడియారం సరిగ్గా పెట్టలేదు, ఇంకోసారి అన్నారు. మూడోసారి ఎదెష్కో కోర్టు ఈ చివర్నుంచి ఆ చివరికి విసిరాడు, బెలోవ్ పట్టుకుని రింగులో వేశాడు. 51-50. అమెరికా అప్పీలు చేస్తే 3-2 ఓట్లతో కొట్టేశారు. వాళ్ళు వెండి పతకాలు తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోలేదు. రిఫరీల్లో ఒకడు, బ్రెజిల్ నుంచి వచ్చిన రిగెట్టో, స్కోరు కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. ఆ రోజుల్లో మేం విజిల్ పట్టినవాళ్ళం ఎవరం కలిసినా ఆ రిగెట్టో మాటే. కోర్టులో రిఫరీ ఉండగా, గ్యాలరీలోంచి దిగొచ్చినవాడి మాట చెల్లడమేమిటని! ఇవాళ దిగిరానక్కర్లేదు, సెకాకస్ నుంచి చెవిలో చెబుతారు. అదొక్కటే తేడా.

మూడు సెకన్ల పీడ అక్కడితో వదల్లేదు. 2023 మే నెలలో బోస్టన్, మయామి మ్యాచ్ నువ్వూ చూసే ఉంటావు. బోస్టన్ రెండు పాయింట్లు ముందుంది. జిమ్మీ బట్లర్ మీద హార్‌ఫర్డ్ ఫౌల్ చేశాడని ఊదారు, రెండు ఫ్రీత్రోలన్నారు, గడియారంలో 2.1 సెకన్లు. బోస్టన్ కోచ్ ఛాలెంజ్ చేశాడు. ఓడిపోయాడు. ఫౌలే అన్నారు, పైగా రెండు కాదు మూడు ఫ్రీత్రోలన్నారు, అవునుగానీ గడియారం మాత్రం 3.0కి పెట్టండన్నారు. బట్లర్ మూడూ వేశాడు, మయామి ఒక పాయింటు ముందుకెళ్ళింది. ఆ తర్వాత డెరిక్ వైట్, రింగుకి తగిలి వచ్చిన బంతిని ఒక సెకనులో పదోవంతు మిగిలి ఉండగా లోపలికి తోసేశాడు. బోస్టన్ 104, మయామి 103. ఛాలెంజ్ ఓడిపోయినవాడికి తొమ్మిది పదోవంతుల సెకను ఉచితంగా వచ్చి మ్యాచ్ దక్కింది. లెక్క ప్రకారం ఆ 3.0యే సరైన టైమంటావు. సరే, సరైనదే! కానీ ఆ కోచ్ ఛాలెంజ్ చెయ్యకపోతే ఆ సరైన టైము ఎవరికీ గుర్తుకొచ్చేది కాదేమో కదా? న్యాయం కూడా అడిగినవాడికే దొరకాలా?

ఇంకో కొత్త ముచ్చట. 2024 సీజన్ నుంచి, బంతి ఎవరికి తగిలి బయటికి పోయిందో చూడమని ఛాలెంజ్ చేస్తే, చూస్తూ చూస్తూ ఆ పక్కనే ఊదకుండా వదిలేసిన ఫౌల్ కనపడితే దాన్నీ ఊదుతారు. చెయ్యి తగిలిందో లేదో చూడటానికి పోయి ఫౌల్ పట్టుకొస్తారన్నమాట. వీటన్నిటికీ తోడు 2015 నుంచి, దగ్గరగా నడిచిన మ్యాచ్‌లకి ఆఖరి రెండు నిమిషాల్లో ఏవేవి తప్పు ఊదారో మర్నాడు జాబితా వేసి లోకానికి చెబుతున్నారు. ఫలితం మారదు. ఓడినవాడు ఓడినట్టే. రిఫరీ పరువు మాత్రం గంగలో కలుస్తుంది. మా ఊళ్ళో అయితే మ్యాచ్ అయిపోయాక ఓడినవాళ్ళు వచ్చి నాలుగు తిట్లు తిట్టి, సాయంత్రం అదే టీ కొట్టు దగ్గర నాకు టీ ఇప్పించేవాళ్ళు. ఏ జాబితా అక్కర్లేకపోయింది.

ఇప్పటి రిఫరీలు మాకంటే ఎక్కువ సరిగ్గా ఊదుతున్నారు, ఆ సంగతి నాకు తెలియక కాదు. మూడో రిఫరీ ఉంటే బోర్డు వెనక జరిగేది కూడా కనపడుతుంది. మేం ఇద్దరం పరుగెత్తి పరుగెత్తి సగం చూసేవాళ్ళం, సగం శబ్దం బట్టి ఊదేవాళ్ళం. అయినా సరే, తప్పు తెలిసినప్పుడు బంతి ఎవరికివ్వాలో మాకు తెలుసు. వాళ్ళకి తెలియడం లేదు.

నువ్వు రేపు మీ కాలేజీ టోర్నమెంటుకి విజిల్ పట్టుకుంటే అక్కడ సెకాకసూ ఉండదు, టీవీలూ ఉండవు. నీ తోటి రిఫరీ ఒకడుంటాడు, ప్లాస్టిక్ కుర్చీలో స్కోరరుంటాడు. పొరపాటున ఊది, తప్పని నీకే తెలిసిందనుకో, బంతి ఎవరి చేతిలోనూ లేదనుకో, రూలు పుస్తకం ప్రకారం బాణం చూసి ఇచ్చెయ్, అది నీ ఉద్యోగం, నేను కాదనను. కానీ మ్యాచ్ మొదట్లో వేసే ఆ ఒక్క జంప్ బాల్ అయినా నిటారుగా వెయ్యి నాయనా. అది రాదంటే ఆదివారం పొద్దున్నే ఆరింటికి గ్రౌండుకి రా, నేర్పుతాను. ఫోన్ ఇంట్లో పెట్టి రా.